గన్ను షావుకారు

మదరాసు జార్జి టౌన్‌లో ఎలక్ట్రిక్ కారు కొన్న షావుకారుకు ఒకటే ఆనవాలు: ఆ కారు ఎవరి కంటా పడదు. గోవిందప్ప నాయకన్ వీధిలో పొద్దున్నుంచి మీన్‌బాడీ బండ్లు, మూటల కూలీలు, వాళ్ల మధ్య తీరిగ్గా నడిచే ఆవు. అక్కడ కారుకు చోటేది? కొట్లు కట్టేశాక రాత్రి లోపలికి తెస్తారు, తెల్లారకముందే బయటికి తోలేస్తారు. కారు కనపడకపోయినా షావుకారు గారు మాత్రం వినపడతారు.

పాతకాలపు మిద్దె ఆయనది. గోడలు పక్కింటివాళ్లతో ఉమ్మడి, ఎర్త్ మాత్రం ఇద్దరికీ లేదు. పదిహేను ఆంపుల సాకెట్లో పెడితే ఛార్జరు ఎర్ర దీపం వెలిగించి మొండికేసింది. ఎలక్ట్రీషియన్ వచ్చి ముంగిట్లో గొయ్యి తవ్వి బొగ్గూ ఉప్పూ పోస్తుంటే పెద్దావిడ బయటికొచ్చి, "ఎవరికిరా నాయనా దిష్టి?" అన్నారు. "కారుకమ్మా" అన్నారీయన. ఆవిడ తలూపి, మరో గుప్పెడు ఉప్పు తన చేత్తో వేశారు. దీపం పచ్చబడింది. ఆ ఘనత ఎవరిదో ఆ ఇంట్లో ఇంకా తేలలేదు.

ఆ సాకెట్ మీద ఆయనకో ప్రసంగం ఉంది. "మూడు గుండు పిన్నులూ ఇంగ్లీషువాడు అంటగట్టినవి. 1947లో వాడు తన ఇంటికి పలక పిన్నుల పద్ధతి రాసుకున్నాడు. మనకు స్వరాజ్యంతో పాటు పాత ప్లగ్గు వదిలిపోయాడు." కరెంటు బండి కొత్త మోజు అని ఎవరైనా ఎగతాళి చేస్తే మదరాసు ట్రాము తీస్తారు. 1895లోనే నడిచింది, లండనుకన్నా ముందు. కరెంటు మొదట రోడ్డు కింది గాడిలోంచి వచ్చేది. వానలకు గాడి పాడైపోతుంటే తీగలు పైకెత్తారు. "బండి ఎప్పుడూ బాగానే ఉంటుంది సామీ, దానికి కరెంటు అందించేవాడితోనే చిక్కు" అంటారు. ఈ మాట వరకు నేనూ ఆయన పక్షమే.

కారు ఛార్జర్లకు 2017లో సర్కారు 'భారత్ డీసీ-001' ప్రమాణం తెచ్చింది. పేరు భారత్, కారుకు తగిలించే గన్ను చైనావాళ్ల జీబీ/టీ, బలం 15 కిలోవాట్లు. షావుకారు గారి మొదటి కారు ఆ బాపతు. ఆ తర్వాత వచ్చిన కార్లు దాదాపు అన్నీ యూరప్‌వాళ్ల సీసీఎస్-2 పట్టాయి, ఈయన రెండో కారుతో సహా. చిన్నబ్బాయి స్కూటరుది ఇంకో గన్ను: ఏథర్ వాళ్లు తయారుచేసింది, 2023లో బీఐఎస్ ప్రమాణంగా ఒప్పుకుంది. అన్నదమ్ములు ముగ్గురికీ ఒకే వంటిల్లు సరిపోయిన ఆ ఇంట్లో, మూడు బండ్లకు ఒక్క గన్ను సరిపోలేదు.

న్యాయంగా చెప్పాలంటే కొత్త కార్ల వరకు గన్ను తగువు తీరినట్టే. ఇప్పుడు గన్ను అతుకుతుంది. కరెంటు వస్తుందా అన్నదే మిగిలింది. యాప్‌లో పచ్చ చుక్క ఉంటుంది, తీరా వెళితే తెర నల్లగా ఉంటుంది. తెర వెలిగితే ఓటీపీ రాదు. ఓటీపీ వస్తే, గన్ను ముందు ఛార్జింగుతో పనిలేని కారొకటి నిలిపి ఉంటుంది, డ్రైవరు టీకి వెళ్లి ఉంటాడు. పైగా కంపెనీకో యాప్, యాప్‌కో వాలెట్, వాలెట్లో ముందే వేయాల్సిన డబ్బు. షావుకారు గారికి కడుపుమంట అక్కడే. ఎర్రగుడ్డ అట్టల ఆవర్జా తెరిచి, కంపెనీకో ఖాతా చొప్పున అందరినీ బాకీదారుల కింద రాసుకున్నారు. వడ్డీ గడి ఖాళీగా ఉంది. రాత్రిపూట దాన్ని చూస్తూ కూర్చుంటారు. "మా తాత సరుకు చూడకుండా బయానా ఇచ్చి ఎరగడు. నేను లేని కరెంటుకి ఏడుగురికి ఇచ్చాను."

అందుకని సొంత నెట్‌వర్క్ పెట్టుకున్నారు. ఛార్జరున్న ప్రతి హోటలు వాచ్‌మన్ నంబరూ ఆయన ఫోన్లో ఉంది. దీపావళికి అందరికీ స్వీటు పెట్టె వెళుతుంది, ఖర్చు 'కారు మరమ్మతులు' పద్దులో. తిరుపతి ప్రయాణమంటే ముందు రాత్రి ఫోన్లే ఫోన్లు. తిరుత్తణి దాకా "తంబీ, గన్ను వేల సెయ్యుదా?", నగరి దాటాక "ఏమప్పా, గన్ను పని చేస్తా ఉండాదా?"

"యాప్‌లో ఉండాది సామీ. ఈడ మాత్రం గోనెసంచి కప్పినారు" అంటాడు అవతలి మనిషి.

షావుకారు గారు వెంటనే దారి మారుస్తారు. కంపెనీ కస్టమర్ కేర్ అమ్మాయి "మా సిస్టంలో అంతా సరిగానే ఉంది సార్" అన్నా వినరు.

తిరుమల ఘాట్ దిగేటప్పుడు మాత్రం ఆయన ఆనందం చూడాలి. బ్రేకు పడ్డప్పుడల్లా కారే కరెంటు పుట్టించుకుని బ్యాటరీలో వేసుకుంటుంది. గన్ను లేదు, ఓటీపీ లేదు. కిందికి వచ్చేసరికి శాతం కాస్త పెరిగి ఉంటుంది. "వడ్డికాసులవాడు ఎదురిచ్చాడే!" అని లెంపలేసుకుని, ఇంటికి రాగానే ఆవర్జా తీసి జమ రాయబోయారు. ఎవరి ఖాతాలో రాయాలన్నది ప్రశ్న. స్వామిని బాకీదారుల జాబితాలో చేర్చడానికి పెద్దావిడ ఒప్పుకోలేదు.