ఏది తీస్కున్నా యాభై: టీకా తాత్పర్య సహితము

మూలము:
రాండ్రి, సూడుండ్రి, ఏది తీస్కున్నా యాభై! నచ్చితెనే తీస్కోండ్రి!

అవతారిక: కామారెడ్డి, ఎల్లారెడ్డి సీమల అంగళ్ళలో నేలపై పట్టా పరచి, వాడిన బట్టలు కుప్పపోసి అమ్మువాని మైకు నుండి వెలువడు వాక్యమిది. కర్త అజ్ఞాతుడు.

ఛందస్సు: వచనమని కొందరందురు. కాదు. గిరాకీ తగిలినచోట యతి, పోలీసు కనబడినచోట పాదాంతము.

పాఠాంతరము: కామారెడ్డి ప్రతిలో "యాభై"కి బదులు "వంద". 2016 అక్టోబరు 11న ఆ ఊరు నిజామాబాదు నుండి విడివడి జిల్లా కేంద్రమైనది గనుక అర్థగౌరవము పెరిగెనని మా ఊహ. ఎల్లారెడ్డి పాఠమే గ్రాహ్యము.

ప్రతిపదార్థము: రాండ్రి = రండు (కొనుటకని చెప్పలేదు); సూడుండ్రి = చూడుడు, చూపునకు పైసలు లేవు; ఏది = పైనున్నదైనను, అడుగుననున్నదైనను; తీస్కున్నా = ఏరుకొన్నను; యాభై = 50 రూపాయలు, గట్టిగా అడిగినచో నలభై; నచ్చితెనే = నచ్చకున్న పొండని పైకి, పోలేరని లోన.

వ్యాఖ్య: రహస్యమంతయు "ఏది"లో ఉన్నది. ఇస్త్రీ చేసి వరుసగా తగిలించినచో జనులు ఒక్క చూపు చూసి సాగిపోదురు. కుప్పపోసినచో చేయి పెట్టుదురు. మోచేతివరకు దిగిన చేయి ఉత్తిగా పైకి రాదు. దొరికిన చొక్కాను తాను కనిపెట్టితినని కొన్నవాడు మురియును గాని, అమ్మువాడు అంటగట్టెనని తలపడు. మంచిదానికిని మాసినదానికిని ఒకటే ధర చెప్పుటచే తుల్యయోగితాలంకారము.

అమెరికాలోను ఇదే విద్య. 1902లో బోస్టనులో ఎడ్గార్ హెల్మ్స్ అను పాదిరి మొదలుపెట్టిన గుడ్‌విల్ దుకాణములలో సరుకుకు రంగు చీటీలుండును. ఈ వారము ఈ రంగునకు సగము ధర. కావలసిన కోటు వేరే రంగుదైనచో మరుసటి వారము మరల పోవలెను. పోయినవాడు ఇంకొకటి తెచ్చుకొనును. చదువులకు పోయిన మన పిల్లలు అక్కడ పాత కోటు కొని ఫొటో పెట్టుదురు. ఇక్కడ వారి తల్లి కొన్నచో కూరగాయల సంచి అడుగున దాచును.

పూర్వపక్షము: పాతవి కొనుట నామోషీ గదా?

సమాధానము: ఈ సీమలో సెకండ్ హ్యాండ్ ట్రాక్టరు కొన్నవాడు కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి, ఊరంతయు తిప్పును. బైకునకును అంతే. బండికి ఆర్‌సీలో పేరు మారును. చొక్కాకు పేరు మార్చు ఆఫీసు లేదు. మొదటివాని చెమట అందే ఉన్నదని శంక. అందుచేతనే మూలమున "పాత" అను మాట లేదు. వీధిలో స్టీలు గిన్నెలు మోసుకొని వచ్చునామె మాత్రము "పాత బట్టలకు గిన్నెలు" అనియే కేక వేయును. తీసికొనునపుడు పాతవి, అమ్మునపుడు "ఏది".

తాత్పర్యము: వ్యాపారి అమ్మునది ఏరుకొను సరదా, చొక్కా కొసరు.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారు పైసలిచ్చుటకు ముందే జిప్పు లాగి చూచుకొనవలెను, చంకల కింది కుట్టు వెలుతురుకు పట్టి చూడవలెను. ఇంటికి పోయి వేడినీళ్ళలో నానవేయవలెను. మూలమున చెప్పకున్నను, వాపసు లేదు.