లింకు చివర చీటీని నేను

మీ ఫోనుకి వచ్చే లింకుల్లో కొన్ని మరీ పొడుగ్గా ఉంటాయి. దుకాణం పేరు అయిపోయాక ఒక ప్రశ్నార్థకం గుర్తు, దాని వెనకాల అర్థంకాని అక్షరాల వరస. ఆ వరసే నేను. నా పేరు యూటీఎం. లింకు నొక్కి లోపలికి వచ్చిన మనిషి ఏ దారిన వచ్చాడో చెప్పడం నా పని. పెళ్లింటి గుమ్మంలో నిలబడి "మీరు ఎవరి తరఫు?" అని పలకరించే పెద్దాయన పనిలాంటిదే. కాకపోతే నేను ఎవర్నీ అడగను. వచ్చేవాళ్ల చేతిలో చీటీనై వాళ్లతోపాటే వస్తాను.

నా పుట్టిల్లు అమెరికాలోని శాన్‌డియాగో. అక్కడ అర్చిన్ అనే చిన్న కంపెనీ వెబ్‌సైట్లకి వచ్చేపోయేవాళ్ల లెక్క తీసే సాఫ్ట్‌వేర్ అమ్మేది. 'అర్చిన్ ట్రాకింగ్ మాడ్యూల్' అన్న మూడు మాటల మొదటి అక్షరాలే నాకు పేరయ్యాయి. 2005 ఏప్రిల్‌లో గూగుల్ ఆ కంపెనీని కొనుక్కుంది. ఆ నవంబరులోనే గూగుల్ అనలిటిక్స్‌ని ఉచితంగా బయటికి తెచ్చింది. జనం ఎంతలా ఎగబడ్డారంటే, కొత్తవాళ్లని చేర్చుకోవడం కొన్నాళ్లు ఆపాల్సి వచ్చింది. డబ్బు పోసి కొనుక్కోవాల్సిన లెక్క ఆనాటితో చిన్న కొట్టువాడి చేతికీ వచ్చింది. నా బతుకులో నేను గర్వంగా చెప్పుకునేది ఆ ఒక్క సంగతే.

నాలో ఐదు గదులుంటాయి. ఎక్కడినుంచి, ఏ రూపంలో, ఏ సందర్భంలో అన్నవి మొదటి మూడు. మిగిలిన రెండూ అందరికీ అక్కర్లేదు. కానీ ఇప్పుడు నేనున్న కొట్టులో ఐదోదానికి మంచి పని దొరికింది.

ఆ కొట్టు మంగళగిరిలో ఉంది. చేనేత చీరలు అమ్ముతారు. ఒంటినిండా బుటాలు లేకుండా, సాదా నేత మీద జరీ అంచు మెరిసే ఆ చీరల సంగతి మీకు తెలిసిందే. కోడలు ఇన్‌స్టాగ్రామ్ పేజీ చూసుకుంటుంది, మామగారు ఖాతా పుస్తకం చూసుకుంటారు. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు కింద రాసిన లింకు నొక్కితే తెరుచుకోదు. పేజీ పైనుండే పరిచయంలో పెట్టాలి, లేదంటే స్టోరీకి అతికించాలి. ఆ రెండింటికీ వేరువేరు చీటీలు కట్టాలని ఆ అమ్మాయి తనంతట తాను కనిపెట్టింది. పరిచయంలోంచి వచ్చినవాళ్లెవరో, స్టోరీలోంచి వచ్చినవాళ్లెవరో ఐదో గది చూసి చెప్పేస్తుంది.

మొదట్లో ఇంత తెలివిడి లేదు. ఇన్‌స్టాగ్రామ్ అన్న మాటని ఇంగ్లీషులో ఒకరోజు క్యాపిటల్ అక్షరంతో మొదలుపెట్టేది, మరోరోజు అంతా స్మాల్‌లోనే కొట్టేది. నాకు ఆ రెండూ ఒకటి కాదు. రాసింది రాసినట్టు మోయడమే తప్ప సర్దుకోవడం నాకు రాదు. దాంతో ఒకే చోటినుంచి వచ్చిన జనం నెలాఖరు లెక్కలో రెండు వరసల్లో నిలబడ్డారు. వాట్సాప్ వాళ్లకంటే ఇన్‌స్టాగ్రామ్ వాళ్లు తక్కువని తేల్చుకుని ఆ అమ్మాయి స్టోరీలు పెట్టడం తగ్గించేసింది. నాలుగు వారాల తర్వాత గానీ సంగతి బయటపడలేదు. ఇప్పుడు గల్లాపెట్టె పక్కన ఒక అట్టముక్క మీద ఏ మాట ఎలా రాయాలో రాసి పెట్టుకుంది. లెక్క తప్పడానికి పెద్ద మోసమేమీ జరగక్కర్లేదు, ఒక్క అక్షరం చాలు.

ఉగాదికి ముందు ఒక రీలు పెట్టింది. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న నేతగాడు నాడె విసురుతుంటే అంచు మీద జరీ తేలడం, ఆ చప్పుడు, అంతే. దాని చూపులు లక్ష దాటాయి. ఇల్లంతా సంబరం. ఆ అంకె చూసి నాకు మాత్రం దిగులేసింది. ఎందుకంటే ఆ లక్షలో నా దాకా వచ్చినవాళ్లు బహు కొద్దిమంది. ఒకే మనిషి మూడుసార్లు చూస్తే చూపులు మూడు, మనిషి ఒక్కరే. చూసినవాళ్లందరూ లింకు నొక్కరు, నొక్కినవాళ్లందరూ కొనరు. పైగా ఇంటికొచ్చాక డబ్బు కడతామని తెప్పించుకున్న చీరలు కొన్ని తలుపు దగ్గరినుంచే వెనక్కి వస్తాయి. మగ్గం మీద అన్నేసి గంటలు కూర్చున్నవాడి ఇంటికి ఆ లక్షలోంచి ఏం చేరిందన్నదే నాకు అసలు ప్రశ్న.

ఆ రీలుని డబ్బు పెట్టి ఇంకొంతమందికి చూపిద్దామని కోడలు అంది. మామగారు నిదానంగా, "కొండ మీద పానకాలస్వామి పోసిన పానకంలో సగం తీసుకుని సగం మనకే వదుల్తాడు. ఈ ఇన్‌స్టాగ్రామ్ వాళ్లు ఎంత వదుల్తారమ్మా?" అని అడిగారు. అడగాల్సిన మాటే అడిగారాయన.

ఉదాహరణకి ప్రకటనకి 6,000 రూపాయలు పెట్టారనుకోండి. 2,000 చొప్పున 12 చీరలు అమ్ముడయ్యాయి. ప్రకటనల తెర మీద 24,000 కనిపిస్తుంది, పెట్టినదానికి నాలుగింతలు. కానీ చీర మీద నికరంగా మిగిలేది 400 అయితే వచ్చింది 4,800 మాత్రమే. అంటే 1,200 నష్టం. తెర నాలుగింతలని ఆకుపచ్చగా చూపిస్తున్న గంటలోనే ఖాతా పుస్తకం ఎర్ర సిరా అడుగుతుంది. రెండూ నిజమే చెబుతున్నాయి. అయితే నేతగాడి కూలీ, నూలు ఖర్చు తెలిసింది ఖాతా పుస్తకానికే. అందుకే దాన్ని పక్కన పెట్టుకోకుండా నా లెక్క చదవొద్దని నా మనవి. ఆ చీరలు కొన్నవాళ్లలో నలుగురు శ్రావణమాసానికి ప్రకటన లేకుండానే మళ్లీ వస్తే కథ మారుతుంది. ఆ సంగతి తేలడానికి నెలలు పడుతుంది. నెల తిరక్కుండా తీర్పు చెప్పేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది.

నా మనసులో ఉన్న ఇంకో మాట చెప్పాలి. నాకు దక్కిన పేరంతా నాది కాదు. ఒకావిడ మార్చిలో రీలు చూసింది, ఏప్రిల్‌లో స్నేహితురాలు చెప్పగా విన్నది, మేలో వాట్సాప్ లింకు నొక్కి చీర కొన్నది. చాలా లెక్కల్లో ఆఖరున వచ్చిన చీటీకే అమ్మకమంతా రాసేస్తారు. వంటంతా ఒకరు చేస్తే వడ్డించినవాళ్లకి పేరొచ్చినట్టు అవుతుంది. ఆ రీలు వల్ల లాభం లేదని ఎవరైనా తీసిపారేస్తే అందులో నా తప్పూ ఉంటుంది.

మనుషుల వెంటపడతానని నన్ను కొందరు అనుమానిస్తారు. నేను దారి పేరు మోస్తాను, మనిషి పేరు మొయ్యను. లింకులో అందరికీ కనబడుతూనే ఉంటాను, ఇష్టం లేనివాళ్లు చెరిపేసుకోవచ్చు. ఒక్కో నొక్కుకీ ఒక్కో గుర్తు వేసే చీటీలు వేరే ఉన్నాయి. 2023లో ఐఫోన్లకి ఐఓఎస్ 17 వచ్చినప్పుడు ఆపిల్ సంస్థ మెసేజీల్లోనూ, మెయిల్‌లోనూ, ప్రైవేటు బ్రౌజింగ్‌లోనూ లింకులనుంచి అలాంటి చీటీలని పీకెయ్యడం మొదలుపెట్టింది. నన్ను ఉండనిచ్చింది. ఆ తేడా తెలిసి ఉండనిచ్చినందుకు నాకు ఊరట.

కానీ నాకు చేతకానిది చాలా ఉంది. మన వాళ్లు లింకు పంపరు, ఫొటో పంపుతారు. నచ్చిన చీరని స్క్రీన్‌షాట్ తీసి అక్కకో, వదినకో "ఇది ఎలా ఉంది?" అని వాట్సాప్‌లో పెడతారు. ఆ ఫొటోకి చీటీ ఉండదు. దాన్ని పట్టుకుని కొట్టు పేరు టైపు చేసుకుని వచ్చినవాళ్లని లెక్కలో 'డైరెక్ట్' అన్న వరసలో వేస్తారు, ఆకాశంలోంచి ఊడిపడ్డట్టు. ఇలా కంటికి కనపడని పంపకాలకి 'డార్క్ సోషల్' అని 2012లో అలెక్సిస్ మాద్రిగల్ అనే అమెరికన్ పాత్రికేయుడు పేరు పెట్టాడు. అక్కాచెల్లెళ్లు చీర గురించి మాట్లాడుకోవడంలో చీకటేముందో నాకు తెలియదు. నాకు కనపడదు, అంతే.

కోడలు దానికీ ఉపాయం చూసింది. ఆర్డరు ఖాయం చేసుకునేటప్పుడు ఫోన్లో ఒక్క మాట అడుగుతుంది: "మా గురించి మీకెలా తెలిసిందండీ?" చెప్పిన జవాబు చెప్పినట్టు రాయడానికి మామగారు ఖాతా పుస్తకంలో ఒక గడి గీసిచ్చారు. నాలోని ఐదు గదుల్లో పట్టనివన్నీ ఆ గడిలో చేరుతున్నాయి.

మొన్న న్యూజెర్సీనుంచి ఒకావిడ మూడు చీరలు చెప్పింది. నా లెక్కలో ఆమె పక్కన 'డైరెక్ట్' అనే ఉంది. మామగారి గడిలో నీలం సిరాతో ఇలా ఉంది: "గృహప్రవేశంలో తోటికోడలు కట్టుకుంది. అంచు పట్టుకుని చూసి అడిగారట."

శ్రావణమాసం దగ్గరపడుతోంది. ఆ అమ్మాయి అట్టముక్క చూసుకుంటూ, అన్నీ చిన్న అక్షరాల్లోనే, కొత్త లింకు చివర నన్ను కడుతోంది.