పదిహేను పుటల పంక్తి – టీకా తాత్పర్య సహితము

మూలము: ఆర్. ఇ. బ్రయంట్, ‘గ్రాఫ్-బేస్డ్ ఆల్గరిథమ్స్ ఫర్ బూలియన్ ఫంక్షన్ మానిప్యులేషన్’, ఐ.ఇ.ఇ.ఇ. ట్రాన్సాక్షన్స్ ఆన్ కంప్యూటర్స్, సంపుటి సి-35, సంచిక 8, ఆగస్టు 1986, పుటలు 677–691.

అవతారిక: పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ విశ్రాంతాచార్యుడు ర్యాండల్ బ్రయంట్ గారి ప్రచురణల పట్టికలోనిదీ పంక్తి. పట్టికలను లెక్కబెట్టువారే గాని చదువువారు అరుదు. ఆ అరుదైనవారికే ఈ టీక.

ప్రతిపదార్థము: ఆర్. ఇ. బ్రయంట్ = బ్రయంట్ ఒక్కడే; ఏకవచనము గమనింపదగినది. కంప్యూటరు శాస్త్రమున నేటి పత్రములందు కర్తృపదము తరచు బహుపద ద్వంద్వ సమాసము. ప్రథమపదము రాత్రులు మేల్కొన్న శిష్యుడు, చరమపదము నిధులు తెచ్చిన గురువు, మధ్యపదముల అర్థము సందర్భమునుబట్టి ఊహింపవలెను. ఇచట సమాసమే లేదు గనుక విగ్రహవాక్యముతో పనిలేదు. గ్రాఫ్-బేస్డ్ ఆల్గరిథమ్స్ = గ్రాఫుల ఆధారమున నడుచు గణనవిధానములు; బూలియన్ ఫంక్షన్ = 0, 1 తప్ప మూడవదెరుగని ప్రమేయము; మానిప్యులేషన్ = దానిని కలుపుట, విడదీయుట, మరొకదానితో పోల్చుట. తక్కినది స్పష్టము.

పూర్వపక్షము: కంప్యూటరు సాయమున చిప్పులు రూపొందించు శాస్త్రమునకిది మకుటమందురు. శీర్షికలో చిప్పు లేదు, ట్రాన్సిస్టరు లేదు. ఎట్లు పొసగును?

సమాధానము: కర్త ఎం.ఐ.టి.లో 1981లో పొందిన డాక్టరేటు ట్రాన్సిస్టర్లను స్విచ్చులుగా భావించి చిప్పు నడకను అనుకరించు విద్యపైననే. కాన చిప్పు మనసులో ఉన్నదే. ఇద్దరు ఇంజినీర్లు ఒకే పనికి వేర్వేరు గేట్లతో రెండు సర్క్యూట్లు గీసిరనుకొనుడు. రెండూ ఒకటేనా అని తేల్చుట ఎట్లు? రెండు 32 బిట్ల సంఖ్యలను కూడు సర్క్యూటుకు ఇన్‌పుట్లు 64. అన్ని కలయికలను సెకనుకు నూరు కోట్ల చొప్పున పరీక్షించినను సుమారు 585 ఏండ్లు పట్టును. అంతవరకు చిప్పును మార్కెట్లోకి తేక ఆగు కంపెనీ లేదు.

తాత్పర్యము: ప్రమేయమును ప్రశ్నల బొమ్మగా గీయవచ్చును. ‘ఇది 0యా, 1యా?’ అని ఒక్కొక్క చలరాశిని అడుగుచు క్రిందికి దిగిన, అడుగున జవాబు దొరకును. ఈ బొమ్మ కర్త సృష్టి కాదు. 1959లో లీ, 1978లో ఏకర్స్ దీనిని చెప్పియేయున్నారు. కర్త చేర్చినది నియమము. ఏ దారిన దిగినను ప్రశ్నలు ఒకే వరుసలో రావలెను. ఒకే తీరు భాగములు రెండున్నచో ఒకటిగా కలిపివేయవలెను. ఎట్లు జవాబిచ్చినను ఒకచోటికే చేర్చు ప్రశ్నను తీసివేయవలెను. అప్పుడు ఆ వరుసలో ప్రతి ప్రమేయమునకు ఒక్కటే బొమ్మ. బొమ్మలు ఒకటైన సర్క్యూట్లు చేయు పని ఒకటే. స్వేచ్ఛను తగ్గించి శక్తిని పెంచుట ఇందలి చమత్కారము. దీనిని అలంకారములలో ఎక్కడ చేర్చవలెనో ఆలంకారికులు తేల్చుకొందురు గాక.

విశేషములు: వరుస ఏదైనను చెల్లునా? చెల్లదు. ఎనిమిది జంటల చలరాశులను జంటకు జంటగా గుణించి, లబ్ధములను ‘లేదా’తో కలిపిన ప్రమేయమునకు, జంటలను పక్కపక్కన అడిగిన బొమ్మలో 18 బిందువులు, మొదటివారినందరిని ముందు అడిగి రెండవవారిని తరువాత అడిగిన 512. విందు పంక్తిలో భార్యాభర్తలను పక్కపక్కన కూర్చుండబెట్టిన వడ్డించువానికి హాయి. మగవారినందరిని ముందు ఒక వరుస కూర్చుండబెట్టిన, ఎవరేమడిగిరో ఆడవారి వరుస ముగియువరకు వాడు మోయవలెను. మంచి వరుసను వెదకుట మీదనే తరువాత ఎందరో పత్రములు వ్రాసి తమ పట్టికలు నింపుకొనిరి. 2009లో క్నూత్ అంతటి కంప్యూటరు శాస్త్రజ్ఞుడు తన ప్రోగ్రామింగ్ మహాగ్రంథపు నాలుగవ సంపుటి భాగమొకదానిలో ఈ బొమ్మలకు పెద్ద ప్రకరణమే ఇచ్చెను.

కర్త సొంత దోషమును దాచలేదు. గుణకారమునకు వరుస నెట్లు మార్చినను బొమ్మ ఘాతాంక వేగమున పెరుగునని ఈ పదిహేను పుటలలోనే చెప్పెను. 1991లో ఆ విషయముపై మరొక పత్రము వ్రాసెను. ప్రకటనలు వ్రాయువారికిది బోధపడదు.

ఏకవాక్యత: 1994లో ఇంటెల్ పెంటియం చిప్పు కొన్ని భాగహారములు తప్పుచేయుట బయటపడెను. భాగహారమునకు చూచుకొను పట్టికలో ఐదు గడులు ఖాళీగా ఉండుటే కారణము. కంపెనీకి 47.5 కోట్ల డాలర్ల ఖర్చు. భాగహారము మొత్తమును ఈ బొమ్మలతో సరిచూచుట అసాధ్యమని కర్తకు తెలుసు. ఐనను 1996 పత్రములో ఒక్క మెట్టును మాత్రము తీసుకొని, ఆ తప్పు గడులు ఈ విధానమునకు చిక్కియుండెడివని చూపెను. అంతటితో ఆగక, అదే విధానముతో సరియైన పట్టికను కూడ పుట్టించెను. ఆ పత్రపు పంక్తియు ఇదే ప్రచురణల పట్టికలో కలదు. లెక్కబెట్టువారికి అదియు ఒకటే.