ఉపగమాలు వచ్చు, ఊరే తెలియదు

రాజనీతి శాస్త్రాన్ని రాజకీయాల బారి నుంచి కాపాడడం ఆషామాషీ పని కాదు. మన డిగ్రీ గైడ్లు, గ్రూప్స్ కోచింగ్ నోట్సులు ఆ ఘనకార్యాన్ని ఒకే ఒక్క పట్టికతో సాధించేశాయి. ఎడమ పక్క సాంప్రదాయ ఉపగమాలు, అంటే రాజకీయాలను చదివే పాత పద్ధతులు: తాత్విక, చారిత్రక, న్యాయ, సంస్థాగత. కుడి పక్క ఆధునికం: ప్రవర్తనావాదం, వ్యవస్థా సిద్ధాంతం వగైరా. ఎడమది ఊహ, కుడిది శాస్త్రం. నడుమ స్కేలు పెట్టి ఓ గీత. పది మార్కులు ఖాయం.

గీత అంటే గీతే. 158 రాజ్యాంగాలను సేకరించి పరిశీలించాడని పేరున్న అరిస్టాటిల్ కూడా నోరు మూసుకుని ఊహల గడిలో కూర్చోవాలి. ప్రవర్తనావాదానికి ఎనిమిది లక్షణాలు చెప్పిన డేవిడ్ ఈస్టన్‌దీ అదే గతి. కాలం అడుగుతున్న ప్రశ్నలకు జవాబివ్వని పరిశోధన ఎందుకని 1969లో ఆయనే తనవాళ్లను నిలదీశాడు. గైడు చలించలేదు. ఆ నిలదీతకూ ఏడు లక్షణాలు లెక్కగట్టి, 'ఉత్తర ప్రవర్తనావాదం' అని పేరు పెట్టి, బట్టీకి అప్పగించింది.

గైడు పక్కన పెట్టి, హైదరాబాద్‌లో ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డు మీద ఉన్న పోచారాన్ని చూడండి. ఇన్ఫోసిస్ క్యాంపస్ ఉన్న ఊరు. మొదట గ్రామ పంచాయతీ, తర్వాత మున్సిపాలిటీ. 2020 జనవరిలో ఎన్నికైన పాలకవర్గం గడువు 2025 జనవరిలో తీరింది. మళ్లీ ఎన్నికలు రాకముందే, అదే ఏడాది డిసెంబరులో మున్సిపాలిటీయే మరో 26 పురపాలికలతో పాటు జీహెచ్ఎంసీలో కలిసిపోయింది. సర్పంచి పోయి చైర్మన్, చైర్మన్ పోయి ప్రత్యేకాధికారి, ఆపైన మహానగరం. ఊరు కదల్లేదు, ప్రభుత్వమే మారుతూ పోయింది.

సంస్థాగత ఉపగమం కావాలా? స్థానిక స్వపరిపాలన గురించి రాజ్యాంగ 74వ సవరణ ఏమంది, విలీనానికి ముందు ఊళ్లో ఎవరి మాట విన్నారు అని అడగండి. వ్యవస్థా సిద్ధాంతం కావాలా? డ్రైనేజీ కావాలన్న అర్జీ ఏ బల్ల మీద పడి ఏ బల్ల దగ్గర ఆగుతుందో వెంటబడి చూడండి. మన విద్యార్థికి అంత తీరిక లేదు. ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఫీడ్‌బ్యాక్ బాణాలతో ఈస్టన్ బొమ్మ కళ్లు మూసుకుని గీస్తాడు. ఆ అర్జీ ఇప్పుడెవరికివ్వాలని అడిగితే సిలబస్‌లో లేదంటాడు. మాస్టారు అతన్నీ మించినవారు: 'బయటి రాజకీయాలు క్లాసులో వద్దు' అని విలువలకు అతీతంగా సెలవిస్తారు.

ఈ గీతను లెక్కచేయనివాళ్లు మన దగ్గరే ఉన్నారు. రాజనీతి శాస్త్రవేత్తలు జి. రాంరెడ్డి, జి. హరగోపాల్ 1985లో పైరవీకారు మీద ఒక పరిశోధనా వ్యాసం ప్రచురించారు. సర్కారు ఆఫీసుకూ పల్లె మనిషికీ నడుమ తిరిగి పనులు చేయించే ఆ మనిషిని ఏ గ్రీకు తత్వవేత్తా పరిచయం చేయలేదు. అతని గురించి తెలియాలంటే ఆఫీసు ఎలా నడవాలో తెలియాలి, ఎలా నడుస్తుందో చూడాలి. మొదటిది ఎడమ గడి, రెండోది కుడి గడి. గైడు ప్రకారం ఈ రెండూ ఒకచోట కూడవు మరి!

అందుకే వచ్చే పరీక్షకు ఒక్క ప్రశ్న ప్రతిపాదిస్తున్నాను: 'మీ ఊరు ఇప్పుడు ఎవరి పాలనలో ఉంది? ఆ నిర్ణయం ఎవరిది? ఏ ఉపగమంతోనైనా రాయవచ్చు.' దీనికి జవాబు గైడులో ఉండదు కాబట్టి, రాజనీతి శాస్త్రం పేపర్లో రాజకీయ ప్రశ్నా అంటూ కొట్టేస్తారు.