గంటన్నర సముద్రం

వరంగల్ నుంచి సముద్రం చూద్దామని విశాఖపట్నం బయల్దేరే కుటుంబాల మూడు రోజుల ప్లాన్‌ను కాగితం మీద రాసి, పక్కన గంటలు వేసి కూడి చూడండి. ఒక విచిత్రం బయటపడుతుంది. రాత్రి భోజనం వేళకు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖలో దించుతుంది. మూడో రోజు సాయంత్రం మళ్లీ అదే బండి. మధ్యలో చేతిలో మిగిలేవి 60 గంటలకు కాస్త అటూ ఇటూ. మొదటి రోజు సింహాచలం, కైలాసగిరి, జలాంతర్గామి, దాని ఎదురుగా విమానం, చీకటి పడుతుండగా ఆర్కే బీచ్. రెండో రోజు కోడి కూయకముందే లేచి బొర్రా గుహలు, అరకు, మళ్లీ అంత దూరమూ వెనక్కి. మూడో రోజు రుషికొండ దగ్గర బండి ఆపి ఫొటోలు, జగదాంబ దగ్గర బట్టలు, తిరుగు దారిలో జీడిపప్పు, మాడుగుల హల్వా, స్టేషన్. ఇందులో సముద్రం వాటా గంటన్నర. రుషికొండ ఫొటోలను కూడా ఉదారంగా కలిపేస్తే రెండు గంటలు. పోను 560 కిలోమీటర్లు, రాను 560 కిలోమీటర్లు, నడుమ గంటన్నర సముద్రం.

ఇదంతా అశ్రద్ధ వల్ల జరిగిందనుకుంటే ఆ కుటుంబాల కష్టాన్ని అవమానించినట్టే. దీని వెనక రెండు నెలల శ్రమ ఉంది. 2024 నవంబర్‌లో రైల్వే శాఖ ముందస్తు రిజర్వేషన్ గడువును 120 రోజుల నుంచి 60కి తగ్గించింది కాబట్టి రెండు నెలలతో సరిపోతోంది, లేకపోతే నాలుగు నెలలు పట్టేది. ముందుగా 'వైజాగ్ టూర్' పేరున ఒక వాట్సాప్ గ్రూపు పుడుతుంది. హన్మకొండ బావ, కాజీపేట చిన్నమ్మ, ఏ టూరుకూ రాకున్నా ప్రతి టూరుకూ సలహా ఇచ్చే మామయ్య అందులో చేరతారు. కింది బెర్తు ఎవరికి, ఏసీనా స్లీపరా, వందేభారత్‌లో అంతసేపు కూర్చునే పోవాల్నా, లాడ్జి స్టేషన్ దగ్గర తీసుకోవాల్నా, సర్వపిండి రెండో రోజుకు ఆగుతదా అని అన్నీ చర్చకొస్తాయి. ఎవరికీ ఎన్నడూ తట్టని ప్రశ్న ఒక్కటే: సముద్రం కాడ ఎంతసేపుందాం? ఆ మాట ఎవరైనా ఎత్తితే మామయ్య వెంటనే అందుకుంటాడు. "సముద్రం ఏడికి పోతది, ఎప్పుడన్న సూడొచ్చు, ముందుగాల అరకు సంగతి తేల్చుండ్రి." నిజమే, సముద్రం ఎక్కడికీ పోదు. పోయేది మనం, అదీ మూడో రోజు సాయంత్రం.

ఎందుకిలా? నాకు తోచిన కారణం చెబుతాను. మనం టూరు పోయేది చూడడానికి కాదు, తిరిగొచ్చాక అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికి. వైజాగ్ పోయొచ్చిన మనిషిని వీధిలో ఎవరూ "సముద్రం ఎట్లున్నది?" అని అడగరు. "అరకు పోయిండ్రా? బొర్రా సూసిండ్రా? బొంగు చికెన్ తిన్నరా?" అని అడుగుతారు. ఒక్కదానికి "లేదు" అన్నామా, టూరు మొత్తం ఫెయిలు. అందుకే ప్లాన్ పరీక్షకు తయారయ్యే పిల్లవాడి గైడులా తయారవుతుంది. రాని ప్రశ్నకు సమయం దండగ. పైగా సముద్రానికి టికెట్ లేదు. టికెట్ కొని లోపలికి పోయి బయటికొచ్చిన చోటును 'చూసేశాం' అని కొట్టేయవచ్చు. గేటు లేని, మూసే వేళ లేని, బయటికొచ్చే దారి లేని దాన్ని ఎప్పుడు చూసేసినట్టు? పూర్తికాని పని ఎవరికీ ఇష్టముండదు.

కుర్సురానే తీసుకోండి. 1969లో మన నౌకాదళంలో చేరి 2001 దాకా నీటి అడుగున తిరిగిన జలాంతర్గామి అది. 91 మీటర్ల పొడవున్న ఆ ఉక్కుచేప 2002 నుంచి ఆర్కే బీచ్ ఇసుక మీద మ్యూజియంగా ఉంది. చూడదగ్గదే, ఎవరూ కాదనరు. అయితే సెలవు రోజున అక్కడి క్యూను గమనించండి. సముద్రంలో బతికిన యంత్రాన్ని చూడడానికి ఎండలో బారులు తీరిన జనం పక్కనే అసలు సముద్రం ఉంటుంది. దాని వైపు చూసేవాడుండడు. అందరి చూపూ ముందువాడి మెడ మీదే, క్యూ ఎప్పుడు కదులుతుందా అని. ప్రభుత్వాల ఆలోచన కూడా ఇంతకు భిన్నంగా ఏమీ లేదు. ఊరికే సముద్రాన్ని చూపిస్తే జనం రారని వాటికి గట్టి నమ్మకం. 2024 ఫిబ్రవరిలో ఆర్కే బీచ్‌లో నీటి మీద తేలే వంతెన ప్రారంభించారు. మర్నాడే దాని చివరి భాగం విడిపోయి అలల్లోకి జరిగింది. తామే విడదీశామని, అది మాక్ డ్రిల్ అని అధికారులు వివరించారు. సముద్రం కూడా డ్రిల్లులో అంత చురుగ్గా పాల్గొనడం ముచ్చటగానే ఉంది. ఇక రుషికొండ. 2020లో మన దేశంలో మొట్టమొదట బ్లూ ఫ్లాగ్ గుర్తింపు దక్కిన ఎనిమిది బీచ్‌లలో అదొకటి. అక్కడ బండి దిగిన పర్యాటకుడు సముద్రానికి వీపు తిప్పి, పాత పర్యాటక రిసార్టును పడగొట్టి కొండ మీద లేపిన భవనాల వైపు వేలు చూపిస్తాడు. "గవేనా?" అంటాడు. బ్లూ ఫ్లాగ్ వెనకెక్కడో ఉంటుంది.

మేలో ఎండకు సముద్రం దగ్గర నిలబడలేమండీ అంటారు. సాకులన్నిటిలో న్యాయమైనది ఇదొక్కటే, కాబట్టి మర్యాదగా జవాబివ్వాలి. మేలోనే ఎందుకు పోవాలి అంటే, బడి వదిలేది అప్పుడే. దసరాకు ఓరుగల్లు వదిలి కదలలేం, బతుకమ్మ ఇక్కడ, సద్దులు ఇక్కడ. పైగా అక్టోబర్‌లో బంగాళాఖాతం ఏం చేయగలదో 2014లో హుద్‌హుద్ విశాఖకు చూపించింది. సంక్రాంతికి ఆ వైపు పోయే బండ్లలో కాలు పెట్టే సందు దొరకదు. మిగిలింది మే. మన దగ్గర 43, 44 డిగ్రీల మాడు పగిలే ఎండ. విశాఖలో డిగ్రీలు తక్కువే గానీ ఉక్కపోతకు తొడుక్కున్న చొక్కా ఆరదు. పగటిపూట ఇసుక మీద నడవలేరు, ఒప్పుకుంటాను. కానీ విశాఖది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు, మేలో ఐదున్నర లోపే. ఆ వేళ నడిచేవాళ్ల కోసం బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. గాలి చల్లగా ఉంటుంది. విశాఖవాళ్లు సముద్రం దగ్గరకొచ్చేది అప్పుడే. మనవాళ్లో? మొదటి రోజు ఆ వేళకు ఇంకా రైల్లో సామాను లెక్క పెట్టుకుంటుంటారు. రెండో రోజు నాలుగింటికే లేస్తారు, ఆ మాట నిజమే. లేచి సముద్రానికి వీపు పెట్టి అరకు బండెక్కుతారు. మూడో రోజు అరకు అలసట తీరేసరికి ఎనిమిదవుతుంది. చివరికి సాయంత్రం వెళ్లి సూర్యాస్తమయం ఫొటో కోసం ఫోన్ పైకెత్తితే సూర్యుడు వెనక హోటళ్ల మీదుగా దిగిపోతుంటాడు. తప్పు సూర్యుడిది కాదు. ఆయన టైం టేబుల్ ఎన్నడూ మార్చలేదు, రిజర్వేషన్ గడువూ తగ్గించలేదు.

అరకు అందాన్ని కాదంటారా అని కోపగించుకునేవాళ్లు ఉంటారు. కాదనడం లేదు. కొండను తొలుచుకుంటూ పోయే ఆ రైలు మార్గం, యాభైకి పైగా సొరంగాలు, అనంతగిరి కాఫీ తోటలు, అన్నీ చూడాల్సినవే. అందుకే ఒక్క పూటలో చూడకూడదంటున్నాను. విశాఖ నుంచి అరకు 115 కిలోమీటర్ల దూరం, అందులో ఘాట్ రోడ్డు. పోను, రాను కలిపి ఆరేడు గంటలు బండిలోనే గడిచిపోతుంది, అందులో సగంసేపు పిల్లలకు వాంతులు. పైగా అరకుకు ఒక కాలముంది. వలిసె పూలు విరగబూసి లోయంతా పసుపుపచ్చగా మారేది చలికాలంలో. మనం పోయేది వేసవిలో. అంటే సముద్రాన్ని అరకు కోసం వదిలి, ఆ అరకును కూడా పూలు లేని నెలలో చూసి వస్తున్నాం.

ఇక పిల్లలు. టూర్లన్నీ పాపం వాళ్ల పేరుమీదే జరుగుతాయి. ఉత్త సముద్రమైతే పిల్లలకు విసుగొస్తుందని అంటారు. లోకంలో ఇంతకన్నా పచ్చి అబద్ధం లేదు. ఆర్కే బీచ్‌లో ఏ సాయంత్రమైనా చూడండి, ఇసుకలో గుంటలు తవ్వుతున్న పిల్లల్ని రెక్క పట్టి లాక్కుపోతున్నది పెద్దలే. విసుగు ఎవరికో ఆ దృశ్యమే చెబుతుంది. ప్రమాదం సంగతి వేరు, అది సాకు కాదు. అక్కడి అలలు, లోపలికి లాగే ప్రవాహాలు మోసకారివి. స్నానాలు చేయొద్దని బోర్డులు ఊరికే పెట్టలేదు. చెరువులు ఎరిగిన మనకు సముద్రం తెలియదు. మోకాలిలోతు చెరువులో ఈ గట్టున దిగినవాడు ఆ గట్టున తేలతాడు, ఇక్కడ ఆ హామీ లేదు. కానీ దీన్నిబట్టి తేలేది నీళ్లలోకి దిగకండి అనే గానీ, ఒడ్డున కూర్చోకండి అని కాదు. బోర్డు చదివే ఓపిక, అలను కాసేపు గమనించే తీరిక ఎవరికుంటాయి? గంటన్నరలో అన్నీ అయిపోవాలనే తొందర లేనివాళ్లకు.

"విశాఖ అంటే సముద్రమొక్కటేనా? అంత పెద్ద ఊరు కాదా?" ఇది తెలివైన ప్రశ్న. ఆ ఊరు నిజంగా సందడి ఊరు. 1933లో తెరిచిన రేవు, దానికి కాపలా కాస్తున్నట్టుండే డాల్ఫిన్ నోస్ కొండ, తెల్లవారుజామున చేపల వేలంతో హోరెత్తే ఫిషింగ్ హార్బర్, పాత వన్‌టౌన్ సందులు, కురుపాం మార్కెట్, బీచ్‌లో మురీ మిక్స్చర్ కలిపే చేతుల వేగం. ఊరి కోసమే పోతున్నామంటే అభ్యంతరం లేదు. కానీ పైన చెప్పిన ప్లాన్‌లో ఇవి ఎక్కడున్నాయి? సముద్రాన్ని వదిలి ఊరు చూసినా ఒక అందముంది. రెండూ వదిలేసి, రెంటి మధ్యా ఇన్నోవాలో తిరిగిరావడానికి ఆ ఊరే ఎందుకు?

అసలు సముద్రమే కావాలంటే విశాఖ దాకా పోనక్కర్లేదు. విజయవాడ మీదుగా బాపట్ల చేరితే సూర్యలంక. సుమారు సగం దూరం. అదే బంగాళాఖాతం, అవే ఉప్పునీళ్లు. దానికి కాస్త అవతలే మోటుపల్లి. ఓరుగల్లు గద్దె మీంచి సముద్రం సంగతి గట్టిగా పట్టించుకున్న గణపతిదేవుడు 1244లో అక్కడే అభయశాసనం వేయించాడు. తుఫానుకు చితికి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును మునుపటి రాజులు లాక్కునేవారని, తాను నిర్ణయించిన సుంకం తప్ప మరేదీ ముట్టనని పరదేశి వర్తకులకు మాటిచ్చాడు. ఒడ్డున పడ్డవాణ్ని దోచుకోనని రాతి మీద రాసిన రాజు వరంగల్‌వాడు. ఆయన మాట బీచ్ పార్కింగ్ రుసుములకు కూడా వర్తిస్తే బాగుండేది. అది అలా ఉంచండి. సూర్యలంక పేరు వాట్సాప్ గ్రూపులో పెట్టి చూడండి, వచ్చే జవాబు ఒక్కటే: "ఆడ సముద్రం తప్ప ఏమున్నది?" నా వాదనకు ఇంతకు మించిన సాక్ష్యం అవసరం లేదు.

డబ్బు పెట్టి అంత దూరం పోయినప్పుడు అన్నీ చూడాలి కదా అనేవాళ్లకు మన ఊరినే ఉదాహరణగా చూపిస్తాను. ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో కారెక్కి, వేయి స్తంభాల గుడి, కోట, భద్రకాళి, రామప్ప, లక్నవరం అన్నీ చూసేసి రాత్రికి ఇల్లు చేరేవాళ్లను మనమేమంటాం? 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన గుడిని అరగంటలో, మదనికల ముందు సెల్ఫీల కోసం నిలబడి చూసి పోయేవాళ్లను చూసి ముక్కున వేలేసుకుంటాం. "గిదేం సూసుడు?" అని వరంగల్‌లో అనుకునేది విశాఖవాళ్లు మన గురించి అనుకోరని ఏం నమ్మకం? వాళ్లది మర్యాద తెలిసిన ఊరు కనుక పైకి అనరు.

కాబట్టి వచ్చే వేసవికి టికెట్లు తీయబోయే వరంగల్ కుటుంబాలకు విన్నపం. అరకును డిసెంబర్‌కు వాయిదా వేయండి, అక్కడే రెండు రాత్రులుండేలా పోండి. రెండో రోజుకు పెట్టుకున్న నాలుగింటి అలారం అలాగే ఉంచండి, కాకపోతే లేచి కొండ వైపు కాక బీచ్ రోడ్డు వైపు నడవండి. తిరిగొచ్చాక "అరకు పోలే?" అని అడిగినవాళ్లను గ్రూపులోంచి తీసేయండి, మామయ్యతో మొదలుపెట్టినా తప్పు లేదు.