బ్యాక్‌స్లాష్ వ్రతకల్పం

"మా పేజీలో ఐడీలన్నీ మేం పెట్టుకున్నవే. వాటిలో పిచ్చి క్యారెక్టర్లు ఎందుకుంటాయండీ?" వెబ్ పేజీలకు స్క్రిప్టులు రాసేవాళ్లలో ఈ ధీమా లేనివాళ్లు అరుదు. ఒక హ్యాష్ గుర్తు, పక్కన ప్లస్, దానికో వేరియబుల్ తగిలించి క్వెరీసెలెక్టర్ చేతిలో పెడతారు. పనైపోయిందని టీకి వెళ్తారు.

ఐడీ మీరే పెట్టారు, కాదనను. అయితే హెచ్‌టీఎమ్‌ఎల్ ఒప్పుకున్న పేరును సీఎస్ఎస్ కూడా ఒప్పుకోవాలని ఎక్కడ రాసుంది? హెచ్‌టీఎమ్‌ఎల్5 ఐడీకి పెట్టిన షరతులు మూడే: ఖాళీగా ఉండకూడదు, మధ్యలో స్పేస్ రాకూడదు, పేజీలో ఇంకో ఎలిమెంటుకు అదే ఐడీ ఉండకూడదు. ఆ లెక్కన "ధర.కొత్త" నిక్షేపంలాంటి ఐడీ. కానీ "#ధర.కొత్త" అనగానే సీఎస్ఎస్‌కి అది పేరులా కనబడదు. "ధర" ఐడీగానూ, "కొత్త" క్లాసుగానూ ఉన్న ఎలిమెంటు కావాలన్నారని అర్థం చేసుకుంటుంది. అలాంటిది లేకపోతే నల్ ఇస్తుంది. ఖర్మకాలి ఉంటే దాన్నే తెచ్చి ఇస్తుంది. ఎర్రరూ ఉండదు, హెచ్చరికా ఉండదు. మీరు మార్చిన ధర మాత్రం వేరే వస్తువు కింద కనిపిస్తుంది.

"మేం చుక్కలు వాడం" అంటారా? మీరు వాడకపోయినా మీ ఫ్రేమ్‌వర్క్ ఊరుకోదు. జావా లోకపు జేఎస్ఎఫ్, ఫారం పేరుకీ ఫీల్డు పేరుకీ మధ్య కోలన్ పెట్టి ఐడీ తయారుచేస్తుంది. రియాక్ట్ 18లో యూజ్‌ఐడీ ఇచ్చే ఐడీకి ముందో కోలన్, వెనకో కోలన్. టెయిల్‌విండ్ క్లాసుల్లోనైతే కోలన్లూ స్లాష్‌లూ కాపురమే పెట్టాయి.

తప్పు బయటపడ్డాక వ్రతం మొదలవుతుంది. ముందుగా చుక్కకు ఒక బ్యాక్‌స్లాష్ సమర్పిస్తారు. జావాస్క్రిప్ట్ స్ట్రింగ్ దాన్ని గుటుక్కున మింగి, సీఎస్ఎస్‌కి ఉత్త చుక్కనే పంపుతుంది. రెండు సమర్పిస్తే ఫలితం దక్కుతుంది. అదే స్క్రిప్టును మామూలు పైథాన్ స్ట్రింగులో పెడితే నాలుగు. ఆ పైథాన్‌ని షెల్లో డబుల్ కోట్ల మధ్య కూర్చోబెడితే ఎనిమిది. ఎందుకని అడిగితే పాపం తగులుతుంది; "ఎనిమిది పెడితే పనిచేసింది, ముట్టుకోకు" అనే కామెంటే అక్కడి మంత్రం.

ఇంకాస్త ముదిరినవాళ్లు సొంతంగా రెగెక్స్ రాసుకుంటారు. చుక్కకీ కోలన్‌కీ ముందు బ్యాక్‌స్లాష్ చేర్చి, సమస్య తీరిందని చాటుతారు. ఈలోగా ఎవరో యూయూఐడీలను ఐడీలుగా పెడతారు. సెలెక్టర్లో ఐడీ అంకెతో మొదలవకూడదు. యూయూఐడీ మొదటి స్థానంలో వచ్చే 16 గుర్తుల్లో 10 అంకెలే. అంటే ఆ కోడ్ 16లో 6 వంతులు పనిచేస్తుంది, మిగతా 10 వంతులు సింటాక్స్ ఎర్రర్. టెస్టింగ్‌లో అక్షరంతో మొదలయ్యేది తగిలితే శుభముహూర్తం. ప్రొడక్షన్‌లో జాతకం తిరగబడుతుంది. అంకె ముందూ ఒక బ్యాక్‌స్లాష్ పడేద్దామంటే అది హెక్స్ కోడ్ అవుతుంది: ఏ ఐడీ మొదట్లోనైనా 3 పక్కన ఎఫ్, దాని పక్కన హైఫన్ ఉంటే, 3, ఎఫ్ కలిసి ప్రశ్నార్థకంగా మారిపోతాయి. సీఎస్ఎస్ కూడా మిమ్మల్ని "ఏం చేస్తున్నారు?" అనే అడుగుతోందన్నమాట.

అన్నిటికన్నా ఘనులు శుద్ధి సంఘంవారు. ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలూ తప్ప మిగతావన్నీ ఊడ్చేస్తారు. "ధర" వెళ్లినా "పేరు" వెళ్లినా అవతలికి ఖాళీ స్ట్రింగే వస్తుంది, హ్యాష్ ఒక్కటీ ఒంటరిగా మిగులుతుంది. నిజానికి సీఎస్ఎస్‌కి తెలుగు అక్షరాలతో ఏ పేచీ లేదు. వాటిని బ్యాక్‌స్లాష్‌తో ఎస్కేప్ చేయకుండానే ఐడీగా తీసుకుంటుంది. పేచీ అంతా చుక్కతో, కోలన్‌తో, మొదటి అంకెతో. నేరస్తులను వదిలేసి సాక్షులను లోపలేసినట్టుంది ఈ శుద్ధి.

పేరు వేరు, సెలెక్టర్ వేరు. పేరు డేటా, సెలెక్టర్ కోడ్. డేటాను తెచ్చి కోడ్‌కి ప్లస్‌తో అతికించినంతకాలం బ్యాక్‌స్లాష్‌లు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాల్సిందే. ఐడీ ఒక్కటే కావాలంటే గెట్‌ఎలిమెంట్‌బైఐడీ ఉంది. పేరును ఉన్నదున్నట్టు తీసుకుంటుంది. సెలెక్టరే కట్టాలంటే సీఎస్ఎస్.ఎస్కేప్ ఉంది, పెద్ద బ్రౌజర్లన్నిటిలోనూ దొరుకుతుంది. జేక్వెరీ వదల్లేనివాళ్లకు ఎస్కేప్‌సెలెక్టర్ 2016లో వచ్చిన 3.0 నుంచీ ఉంది. మొదటి అంకె సంగతీ వీటికి తెలుసు. లోపలికి పేరునొక్కదాన్నే పంపాలి. హ్యాష్‌తో సహా మొత్తం సెలెక్టర్‌ను పంపితే హ్యాష్‌నీ ఎస్కేప్ చేసి మీ మొహాన కొడతాయి.

"అంత పొడుగు ఎవరు టైప్ చేస్తారండీ?" అని కూడా అంటారు. బ్రాకెట్లు పక్కనపెడితే, ఇంగ్లిష్‌లో సీఎస్ఎస్.ఎస్కేప్ అని కొట్టడానికి చుక్కతో కలిపి పది క్యారెక్టర్లు. మీ ఎనిమిది బ్యాక్‌స్లాష్‌ల కంటే రెండే ఎక్కువ.