గీత పడితే లేనట్టు

నేను మూత్రంలో మత్తుమందుల జాడ పట్టే పరీక్ష కార్డును. అరచేతిలో ఇమిడే తెల్లటి ప్లాస్టిక్ పెట్టె, లోపల పక్కపక్కన సన్నటి కాగితపు పట్టీలు, ఒక్కోదాని కింద చుక్కలు వేసే చిన్న గుంట. ఒక్కో పట్టీ ఒక్కో మందు జాతిని వెతుకుతుంది. రేకు సంచి చించి చుక్కలు వేశాక అయిదు నిమిషాల్లో నా పని అయిపోతుంది. ఆ కాసేపట్లో నేను చెప్పే మాట మీద ఒక మనిషి మందు, మర్యాద రెండూ ఆధారపడతాయి. అందుకే నేనెలా మాట్లాడతానో, ఎక్కడ పొరబడతానో మీకు తెలియాలి.

నాలో అసలు పనివాళ్లు యాంటీబాడీలు. వాటిని కంటికి ఆనని బంగారు రేణువులకు అతికిస్తారు. అంత సూక్ష్మంగా ఉన్నప్పుడు బంగారం పచ్చగా ఉండదు, ఎర్రగా కనిపిస్తుంది. నా మీద పడే ఎర్ర గీత ఆ బంగారమే. మూత్రం కాగితం వెంట పైకి పాకుతూ యాంటీబాడీలను తనతో తీసుకుపోతుంది. దారిలో 'టి' అని రాసిన చోట మందు అణువులను ముందుగానే అతికించి ఉంచుతారు. మూత్రంలో మందు లేకపోతే యాంటీబాడీలు వచ్చి అక్కడ అతుక్కుంటాయి, గీత పడుతుంది. మూత్రంలోనే మందు ఉంటే, కర్నూలు బస్టాండులో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టినట్టు, అది యాంటీబాడీలను ముందే పట్టేసుకుంటుంది. 'టి' దగ్గర అతుక్కోవడానికి ఖాళీ యాంటీబాడీలు మిగలవు. గీత పడదు.

అంటే నా మీద గీత పడితే మందు లేనట్టు, పడకపోతే ఉన్నట్టు. గర్భం తెలుసుకునే కిట్టులో రెండు గీతలొస్తే ఉన్నట్టు కాబట్టి, ఆ అలవాటుతో నన్ను చూసేవాళ్లు తిరగేసి చదువుతారు. గీత లేతగా పడినా పడినట్టే లెక్క. పరీక్ష సరిగ్గా నడిచిందని చెప్పే గీత పైన 'సి' దగ్గర ఉంటుంది, అది అసలు పడకపోతే పరీక్షే చెల్లదు.

నన్ను రెండు నుంచి ముప్పై డిగ్రీల మధ్య దాచమని డబ్బా మీద రాసి ఉంటుంది. మా డబ్బా కర్నూలు చేరింది మే నెలలో. ఆ నెలలో ఇక్కడ ఎండ నలభై డిగ్రీలు దాటడం మామూలే. పార్సిల్ ఆఫీసు రేకుల కింద ఒక మధ్యాహ్నమంతా పడి ఉన్నాం. వేడికి యాంటీబాడీల పట్టు సడలుతుంది. అలాంటి కార్డును వాడే ముందు, ఫలితం తెలిసిన నమూనాతో సరిచూసుకోవడం ల్యాబు బాధ్యత.

నన్ను వాడింది ఒక నొప్పుల క్లినిక్కులో. వచ్చిన పెద్దాయన బేతంచెర్ల వైపు నాపరాళ్ల గనుల్లో బండలెత్తి నడుము పోగొట్టుకున్న మనిషి. వెన్నుపూసల మధ్య నరం నలిగి, ఎడమకాలు మడమ దాకా మంటలు. డాక్టరు రాసిన ట్రమడాల్ మాత్రల మీద నిలబడి నడుస్తున్నాడు. వెంట కూతురు వచ్చింది.

నా ఓపియేట్ పట్టీలో గీత పడలేదు. డాక్టరు నన్ను వెలుతురుకు పట్టి చూశాడు.

"ట్రమడాల్ ఈ పట్టీలో పడదు. ఇది మార్ఫిన్ చూపిస్తాంది. నల్లమందు తింటున్నావా పెద్దాయనా?"

"దేవుని తోడు సార్, బీడీ కూడా మానేసి శానా రోజులాయ."

"ఆ మాత్ర నా చేత్తోనే ఇస్తా సార్. ఒక్కపూట లేకపోతే మా నాయన మంచం దిగలేడు" అంది కూతురు.

డాక్టరు చెప్పిన మొదటి మాట నిజమే. ఓపియేట్ పట్టీ మార్ఫిన్, కోడీన్‌ల కోసం తయారైంది. ట్రమడాల్, ఫెంటనిల్ పూర్తిగా ప్రయోగశాలలో పుట్టిన మందులు. వాటి అణువుల ఆకారం వేరు, వాటికి వేరే పట్టీలు కావాలి. ఆయన అడగనిది ఒక్కటే, ముందురోజు ఏం తిన్నావని. నన్ను సాక్ష్యంగా ఫైలుకు టేపుతో అతికించి, మాత్రలు ఆపేశాడు. నమూనాను హైదరాబాదు పంపించాడు.

ముందురోజు వాళ్లింట్లో కందూరు. మొక్కు తీర్చుకోవడానికి పొట్టేలు కోశారు. కూరలోకి కొబ్బరి, గసాలు మెత్తగా నూరి దండిగా వేశారు. గసాలంటే గసగసాల మొక్క గింజలే. ఆ మొక్క కాయ పాలే నల్లమందు. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో కేంద్ర ప్రభుత్వ లైసెన్సుతో ఈ పంట పండిస్తారు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కాయ గుల్లను నిషేధిత పదార్థంగా చెబుతూనే గింజను మినహాయించింది. కాయ పాలు అంటిన గింజల్లో కొద్దిపాటి మార్ఫిన్ ఉంటుంది. కడిగితే, వండితే తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. తిన్నాక ఒకటి రెండు రోజులు మూత్రంలో కనిపించవచ్చు.

మిల్లీలీటరు మూత్రంలో 300 నానోగ్రాముల మార్ఫిన్ ఉంటే చాలు, నా గీత చెరిగిపోతుంది. అమెరికా ప్రభుత్వ ఉద్యోగుల పరీక్షల్లో ఒకప్పుడు ఇదే హద్దు. గసగసాలు తిన్నవాళ్లు పట్టుబడుతున్నారని 1998లో దాన్ని 2000కు పెంచారు. 2023లో ఆ దేశ రక్షణశాఖ గసగసాలకు దూరంగా ఉండమని తన సైనికులను హెచ్చరించింది. కూరల్లో గసాలు నూరి పోసే రాయలసీమలో మాత్రం 300 హద్దు కార్డులు ఇంకా వాడుతున్నారు.

మాత్రలు ఆగిన మర్నాటి నుంచి పెద్దాయనకు చెమటలు, ఆవలింతలు, కంటి మీద కునుకు లేని రాత్రులు. ట్రమడాల్‌ను ఒక్కసారిగా ఆపితే ఒళ్లు అలాగే తిరగబడుతుంది. ఊళ్లో మందుల షాపులకు పోతే చీటీ లేనిదే ఇవ్వమన్నారు. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను కూడా మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు మరి.

హైదరాబాదు నుంచి రిపోర్టు వచ్చింది. అణువులను ఒక్కొక్కటిగా విడదీసి, తూచి గుర్తుపట్టే మాస్ స్పెక్ట్రోమెట్రీ పరీక్ష అది. ట్రమడాల్ ఉంది, అది శరీరంలో కరిగి మారిన రూపమూ ఉంది. అంటే మాత్రలు సరిగ్గా మింగుతున్నాడు. మార్ఫిన్ కొద్దిగా, దాంతో పాటు థెబైన్ జాడ. హెరాయిన్ ఆనవాలు లేదు. థెబైన్ నల్లమందులోనూ ఉంటుంది, గసగసాల్లోనూ ఉంటుంది. ఆ పెద్ద యంత్రం కూడా అక్కడ ఆగిపోయింది. తక్కిన జవాబు మనిషిని అడిగితేనే దొరుకుతుంది. అప్పుడు అడిగాడు డాక్టరు. కూతురు కందూరు సంగతి చెప్పింది. మూడు రోజులు గసాలు ముట్టకుండా వచ్చి ఇచ్చిన నమూనాలో ఓపియేట్ గీత నిండుగా పడింది. మాత్రలు మళ్లీ రాశారు.

మా డబ్బాలో నాకంటే ముందు వాడిన కార్డుకు ఇంకో రకం కష్టం. కడప నుంచి వచ్చిన ఒకామె, ఆమె కూడా ట్రమడాల్ మీదే ఉంది. ఆ రోజు చూసిన జూనియర్ డాక్టరు ఓపియేట్ గీత పడడం చూసి, "మందు ఒంట్లో లేదు, అమ్ముకుంటాండావు" అన్నాడు. కనిపించని మందు కోసం తప్పుడు పట్టీలో వెతికి, ఆమెను దొంగను చేశాడు. ఇద్దరిలో ఒకరిని తిననిది తిన్నారన్నారు, ఇంకొకరిని తిన్నది తినలేదన్నారు.

నన్ను తప్పుదోవ పట్టించేవి ఇంకా ఉన్నాయి. కొన్ని రకాల ఓపియేట్ పరీక్షల్లో క్షయకు వాడే రిఫాంపిసిన్, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కు రాసే ఓఫ్లాక్ససిన్ కూడా మార్ఫిన్ లాగా కనిపిస్తాయి. జలుబు మాత్రలోని సూడోఎఫెడ్రిన్‌ను యాంఫెటమిన్ పట్టీ మత్తుమందు అనుకోవచ్చు. నీళ్లు ఎక్కువ తాగి వస్తే పలచబడ్డ మూత్రంలో ఉన్న మందు కూడా దొరకకపోవచ్చు.

నన్ను పారేయమని నేననడం లేదు. ప్రమాదకరమైన మందులు కలిపి వాడుతున్న మనిషిని త్వరగా గుర్తించి ప్రాణం కాపాడే పనికి నేను ఉపయోగపడతాను. నా మాట మొదటి మాటగానే తీసుకోండి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2022లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఇలాంటి పరీక్ష ఫలితం చూపించి రోగిని వైద్యం నుంచి వెళ్లగొట్టవద్దని డాక్టర్లకు స్పష్టంగా చెప్పింది. నొప్పితో ఉన్నవాళ్లకు మందు అందాలని మన పార్లమెంటు 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించింది. ఆ చట్టం తెరిచిన తలుపును నా గీత మూయకూడదు.

డాక్టరు గారూ, నా సంచి చించే ముందు రోగి ఏ మాత్రలు మింగుతున్నాడో, రెండు రోజులుగా ఏం తిన్నాడో రాసుకోండి. ఆ మందుకు నాలో పట్టీ ఉందో లేదో చూసుకోండి. అనుమానమొస్తే నమూనాను పెద్ద పరీక్షకు పంపండి, జవాబు వచ్చేదాకా మాత్రలు ఆపకండి. నొప్పితో వచ్చేవాళ్లారా, మీ మందు చీటీలన్నీ వెంట తెచ్చుకోండి. దగ్గుమందు, జలుబు మాత్ర, కూరలో గసాలు, ఏదీ చిన్న సంగతి అనుకోకుండా చెప్పండి. నింద పడితే తల వంచుకుని వెళ్లిపోవద్దు. రెండో పరీక్ష చేయించమని గట్టిగా అడగండి, అది మీ హక్కు.